ఒకే మాటలో ఇమడని రెండు పాఠాలు: అమెరికన్ గవర్నమెంట్ తరగతిలో పౌర స్వేచ్ఛలు, పౌర హక్కులు

డాలస్ శివారులోని ఒక తెలుగు ఇంటర్నెట్ రేడియో స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమానికి ఇది లిఖిత రూపం. టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో అమెరికన్ గవర్నమెంట్ బోధిస్తున్న తెలుగు ఉపాధ్యాయురాలు, అదే రాష్ట్రంలో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది స్టూడియోలో పాల్గొన్నారు. రాజనీతిశాస్త్ర విశ్రాంత ఆచార్యులు ఒకరు హైదరాబాద్ నుంచి ఫోన్‌లో మాట్లాడారు.

సమన్వయకర్త: శ్రోతలందరికీ నమస్కారం. టెక్సస్‌లో హైస్కూలు గట్టెక్కాలంటే విద్యార్థులు ఒక సెమిస్టరు అమెరికన్ గవర్నమెంట్ చదవాలి. ఆ పుస్తకం పట్టుకొని పిల్లలు అడిగే సందేహాలలో మనలాంటి పెద్దవాళ్ళను బాగా ఇరుకున పెట్టేది సివిల్ లిబర్టీస్‌కూ సివిల్ రైట్స్‌కూ తేడా ఏమిటన్న ప్రశ్న. తెలుగులో చెబుదామంటే రెండింటికీ పౌర హక్కులన్న మాటే నోటికి వస్తుంది. ఆచార్యులవారూ, ఈ ఇబ్బంది మన భాషదా, విషయంలోనే ఉందా?

ఆచార్యులు: కొంత భాషది, ఎక్కువ చరిత్రది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం పేరును ఇంగ్లీషులో రాసినప్పుడు అందులో ఉండే మాట సివిల్ లిబర్టీస్. అక్రమ నిర్బంధాల మీద, ఎన్‌కౌంటర్ల మీద ఆ సంఘం అడిగిన ప్రశ్నలు రాజ్యం ఎక్కడ ఆగాలన్న ప్రశ్నలు కాబట్టి ఇంగ్లీషు పేరు సరిగ్గానే సరిపోయింది; తెలుగులో మాత్రం అది హక్కులైంది. ఇక అమెరికాలో సివిల్ రైట్స్ అనగానే గుర్తుకు వచ్చేది బడిలోకీ, హోటల్లోకీ, ఓటింగు కేంద్రంలోకీ రంగు చూసి రానివ్వకపోవడం మీద నల్లజాతి ప్రజలు చేసిన పోరాటం. అటువంటి పోరాటాలకు మనం అస్పృశ్యతా నివారణ అనీ, సామాజిక న్యాయమనీ, ఆత్మగౌరవమనీ వేరే పేర్లు పెట్టుకున్నాం. చిత్రమేమిటంటే, అచ్చంగా అమెరికన్ అర్థంలో ఆ మాటను వాడిన చట్టం మనకూ ఒకటి ఉంది. అస్పృశ్యతను నేరంగా పరిగణిస్తూ 1955లో చేసిన చట్టానికే 1976లో పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. కాబట్టి నేను మొదటిదాన్ని పౌర స్వేచ్ఛలనీ, రెండోదాన్ని పౌర హక్కులనీ విడదీసి చెబుతాను.

సమన్వయకర్త: టీచరు గారూ, మీ తరగతిలో ఈ తేడాను ఎలా మొదలుపెడతారు?

ఉపాధ్యాయురాలు: నిర్వచనాలతో మొదలుపెట్టి రెండేళ్ళు నష్టపోయానండీ. స్వేచ్ఛలు అంటే ప్రభుత్వం జోక్యం చేసుకోకూడనివి, హక్కులు అంటే ప్రభుత్వం పూనుకొని సమానంగా అందేటట్లు చూడవలసినవి అని బోర్డు మీద రాస్తే పిల్లలు చక్కగా రాసుకునేవారు, పరీక్షలో చక్కగా తారుమారు చేసేవారు. ఇప్పుడు మొదటి రోజున అమెరికా రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ మూలపాఠం మాత్రమే చేతికిస్తాను. 1791లో ఆమోదం పొందిన బిల్ ఆఫ్ రైట్స్, అంటే తొలి పది సవరణల్లోని ఆ తొలి వాక్యం, కాంగ్రెస్ ఫలానా చట్టమేదీ చేయరాదు అని మొదలవుతుంది. ఇందులో ఎవరి చేతులు కట్టేశారో చెప్పండి అని అడుగుతాను. ప్రభుత్వం చేతులు అంటారు. ఏ ప్రభుత్వం అని అడిగితే తరగతి నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు జాన్ బారన్ కథ చెబుతాను. ఆయనకు బాల్టిమోర్ రేవులో ఓడలు ఆగే ఘాట్ ఒకటి ఉండేది. నగర పాలకులు వీధులు బాగుచేస్తూ వాగుల దారి మళ్ళించేసరికి ఇసుకా ఒండ్రూ వచ్చి పడి, పెద్ద ఓడలు రాలేనంతగా నీళ్ళ లోతు తగ్గిపోయింది. నా ఆస్తి పాడైంది, అయిదో సవరణ ప్రకారం పరిహారమివ్వండి అని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళితే, 1833లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, బిల్ ఆఫ్ రైట్స్ కట్టడి చేసేది కేంద్ర ప్రభుత్వాన్నే కాని రాష్ట్రాలను కాదని తేల్చేశారు. పిల్లలు నమ్మరు. మరి రాష్ట్రం నా నోరు నొక్కేస్తే దిక్కెవరు అని అడుగుతారు. ఆ ప్రశ్న వాళ్ళ నోటి నుంచే వచ్చిన తరువాత రాష్ట్రాల చేతులు కూడా కట్టేసిన 1868 నాటి పద్నాలుగో సవరణను చదివిస్తే, అందులోని ప్రతి మాటా వాళ్ళకు అవసరమైన మాటగా కనిపిస్తుంది.

న్యాయవాది: ఆ సవరణ వచ్చిన వెంటనే అంతా మారిపోయిందని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంటుంది కదండీ.

ఉపాధ్యాయురాలు: ఉంటుంది. అందుకే తేదీల మధ్య ఎడాన్ని చూపిస్తాను. వాక్ స్వాతంత్ర్యం రాష్ట్రాలకు కూడా వర్తిస్తుందని కోర్టు 1925లో గిట్లో కేసులో ఒప్పుకుంది; పేద నిందితుడికి ప్రభుత్వమే న్యాయవాదిని పెట్టాలన్నది 1963లో గిడియన్ కేసులో, తుపాకీ హక్కు 2010లో మెక్‌డొనాల్డ్ కేసులో, మితిమీరిన జరిమానాల నిషేధం 2019లో టింబ్స్ కేసులో వచ్చాయి. ఒక్కొక్క హక్కూ ఒక్కొక్క మనిషి గొడవ పడితేనే రాష్ట్రం గుమ్మం దాటింది. ఈ జాబితాను బట్టీ పట్టించే ఉపాధ్యాయులున్నారు కాని, నాకైతే గిడియన్ జైలు గదిలో కూర్చుని పెన్సిలుతో రాసిన దరఖాస్తును పిల్లల చేత చదివిస్తే చాలనిపిస్తుంది.

సమన్వయకర్త: ఇది స్వేచ్ఛల సంగతి. హక్కుల దగ్గరకు వచ్చేసరికి పాఠం మారుతుందా?

న్యాయవాది: ఇక్కడ నేను జోక్యం చేసుకుంటాను. హక్కుల పాఠంలో విద్యార్థులు గ్రహించని చిక్కు ఒకటుంది. పద్నాలుగో సవరణలోని చట్టాల సమాన రక్షణ అన్న హామీ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఉద్దేశించినది. మరి హోటలు యజమాని ప్రభుత్వం కాడు కదా! హోటళ్ళలో, రైళ్ళలో, నాటకశాలల్లో వివక్షను నిషేధిస్తూ 1875లో కాంగ్రెస్ చేసిన చట్టాన్ని 1883లో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ తర్కంతోనే కొట్టేసింది. అందువల్ల 1964లో సివిల్ రైట్స్ చట్టం తెచ్చినప్పుడు, కాంగ్రెస్ రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే తన అధికారాన్ని ముందుపెట్టుకోవలసి వచ్చింది. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఒల్లీస్ బార్బెక్యూ అని ఒక కుటుంబం నడిపే భోజనశాల ఉండేది. నల్లవాళ్ళకు పొట్లం కట్టి ఇస్తారు కాని లోపల కూర్చోనివ్వరు. ఆ యజమాని మీద ప్రభుత్వం వాదన ఏమిటంటే, అంతకు ముందటి ఏడాదిలో అతను కొన్న సరుకులో దాదాపు 70 వేల డాలర్ల మాంసం వేరే రాష్ట్రం నుంచి వచ్చిందని. కోర్టు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఒక మనిషిని తోటి మనిషి పక్కన కూర్చోబెట్టడానికి మాంసం ఎక్కడిదో లెక్క తీయవలసి వచ్చింది చూశారా! ఈ ఒక్క కేసులో అమెరికన్ రాజ్యాంగం బలమూ కనిపిస్తుంది, దాని వంకర దారీ కనిపిస్తుంది.

ఆచార్యులు: మన రాజ్యాంగంతో పోల్చడానికి ఇది మంచి చోటు. దుకాణాల్లోకీ, హోటళ్ళలోకీ, బావుల దగ్గరకూ కులం పేరిట ఎవరినీ రానివ్వకుండా చేయరాదని 15వ అధికరణ రెండో క్లాజు నేరుగా చెబుతుంది. అంటరానితనాన్ని 17వ అధికరణ రద్దు చేస్తుంది. అవి ప్రభుత్వాన్నే కాదు, పక్కింటివాణ్ణి కూడా కట్టడి చేస్తాయి. ఊళ్ళో ఏం జరుగుతోందన్నది వేరే కథ. కాని అమెరికాలో పెరిగే తెలుగు పిల్లవాడికి, ఇక్కడి రాజ్యాంగం 1950లోనే పక్కింటివాడితో మాట్లాడితే, అక్కడి రాజ్యాంగం వాడి దగ్గరకు మాంసం బిల్లు మీదుగా వెళ్ళవలసి వచ్చిందని చెబితే, స్వేచ్ఛలకూ హక్కులకూ ఉన్న తేడా మరిచిపోడు.

ఉపాధ్యాయురాలు: అయితే ఆచార్యులవారూ, రెండింటినీ రెండు వేర్వేరు వారాల్లో పెట్టి చెప్పే మా పాఠ్య ప్రణాళిక మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఒక వారం మొదటి సవరణ, ఇంకో వారం బడుల్లో నల్ల, తెల్ల పిల్లలను వేరు చేయడం చెల్లదన్న బ్రౌన్ తీర్పు, మార్టిన్ లూథర్ కింగ్. అలా విడగొడితే, రెండోదాన్ని సాధించడానికి మొదటిది ఆయుధమైందన్న సంగతి జారిపోతుంది. 1961 మార్చిలో సౌత్ కరోలినా రాజధాని కొలంబియాలో నల్లజాతి విద్యార్థులు శాసనసభా భవనం ఆవరణలోకి శాంతియుతంగా నడిచి వెళ్ళారు. వాళ్ళలో హైస్కూలు పిల్లలూ ఉన్నారు. చెదిరిపొమ్మంటే పాటలు పాడారు. 187 మందికి శిక్ష పడింది. రెండేళ్ళ తరువాత సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. కొట్టేసింది సమానత్వం పేరిట కాదు, వాక్, సభా స్వాతంత్ర్యాల పేరిట. అలబామా ప్రభుత్వం నల్లజాతి ప్రజల హక్కుల సంఘమైన ఎన్‌ఏఏసీపీ సభ్యుల జాబితా ఇవ్వమని పట్టుబట్టినప్పుడు, 1958లో వాళ్ళను కాపాడింది సంఘంగా కూడే స్వేచ్ఛ. న్యూయార్క్ టైమ్స్ మీద మాంట్‌గొమరీ నగర కమిషనర్ సలివన్ వేసిన పరువు నష్టం దావాకు మూలం ఉద్యమానికి విరాళాలు కోరుతూ వచ్చిన ప్రకటన. ఇవన్నీ పుస్తకంలో స్వేచ్ఛల అధ్యాయంలో ఉంటాయి, వాటిలోని మనుషులు హక్కుల అధ్యాయంలో ఉంటారు.

న్యాయవాది: బర్మింగ్‌హామ్ జైలు నుంచి కింగ్ రాసిన ఉత్తరం ఏపీ గవర్నమెంట్ కోర్సులో తప్పనిసరి పాఠం కదా, దాన్ని ఎలా చెబుతారు?

ఉపాధ్యాయురాలు: శ్రోతల కోసం చెప్పాలి, ఇక్కడ ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. ఆ ఉత్తరాన్ని సాహిత్యంలాగా చదివి కళ్ళు తుడుచుకొని పక్కన పెట్టేస్తారు చాలామంది. ఆయన 1963 ఏప్రిల్‌లో జైల్లో ఎందుకున్నారని అడిగితే సగం తరగతికి తెలియదు. ఊరేగింపు చేయరాదని ఒక రాష్ట్ర న్యాయమూర్తి ఇచ్చిన ఇంజంక్షన్‌ను ఆయన ఉల్లంఘించారు. ఆ శిక్ష మీద అప్పీలు వాకర్ కేసుగా సుప్రీంకోర్టుకు వెళితే, 1967లో అయిదుగురు న్యాయమూర్తులు, ఆ ఉత్తర్వు రాజ్యాంగానికి విరుద్ధమైనదే అయినా ముందు కోర్టుకు వెళ్ళి కొట్టేయించుకోవాలి కాని ధిక్కరించకూడదన్నారు, నలుగురు కాదన్నారు. ఆ ఏడాదే కింగ్ మళ్ళీ బర్మింగ్‌హామ్‌లో జైలుకు వెళ్ళవలసి వచ్చింది. రెండేళ్ళు తిరగకముందే, 1969లో, అదే ఊరేగింపుకు సంబంధించిన షటిల్స్‌వర్త్ కేసులో అదే కోర్టు ఆ నగరం అనుమతుల నిబంధన రాజ్యాంగ విరుద్ధమంది. ఉత్తరాన్నీ, ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి, చట్టాన్ని గౌరవించడమంటే ఏమిటో మీరు రాయండి అని అడుగుతాను. ఏడాది మొత్తంలో నాకు వచ్చే మంచి వ్యాసాలు ఆ రోజువే.

సమన్వయకర్త: అందరూ అడిగే ఇబ్బందికరమైన ప్రశ్న. ఇప్పుడు తరగతిలో ఇవన్నీ మాట్లాడటానికి వీలుందా?

ఉపాధ్యాయురాలు: వీలుంది, కాని భయం కూడా ఉంది. 2021లో టెక్సస్ శాసనసభ చేసిన చట్టం ప్రకారం, వివాదాస్పదమైన వర్తమాన విషయాలను చర్చించమని ఉపాధ్యాయులను ఎవరూ బలవంతం చేయకూడదు. చర్చిస్తే రాజకీయ పక్షపాతం లేకుండా చర్చించాలి. చదివితే ఇందులో తప్పుపట్టడానికి ఏముందనిపిస్తుంది. చిక్కంతా వివాదాస్పదం అంటే ఏమిటో తెలియకపోవడంలో ఉంది. ఓటు హక్కు చట్టం 1965 నాటిది గనక అది చరిత్ర. దాని కీలక భాగాన్ని పనిచేయకుండా చేసిన 2013 నాటి షెల్బీ కౌంటీ తీర్పు చరిత్రా, వర్తమానమా? ఈ సందేహం వచ్చిన ఉపాధ్యాయుడు ఆ పాఠం ముందు తలుపు వేసి పక్క పాఠానికి వెళ్ళిపోతాడు. నిషేధించకుండానే నిషేధం జరిగిపోతుంది.

న్యాయవాది: రెండు వైపులా చెప్పడమన్న సూత్రాన్ని కూడా కాస్త జాగ్రత్తగా వాడాలి. 303 క్రియేటివ్ కేసులాంటిది రెండు వైపులా వాదించదగినదే. స్వలింగ జంటల పెళ్ళిళ్ళకు వెబ్‌సైట్లు చేయనన్న డిజైనర్‌కూ, వ్యాపారాల్లో వివక్షను నిషేధించే కొలరాడో చట్టానికీ మధ్య తగువులో 2023లో కోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి డిజైనర్ పక్షాన తీర్పిచ్చింది. అక్కడ ఒకరి వాక్ స్వాతంత్ర్యం, ఇంకొకరి సమానత్వం నిజంగానే ఢీకొన్నాయి. కాని వేరుగా ఉంచినా సమానంగా ఉంటే చాలన్న 1896 నాటి ప్లెసీ తీర్పుకూ 1954 నాటి బ్రౌన్ తీర్పుకూ అలా సమాన తూకం వేస్తే అది నిష్పాక్షికత కాదు, అజ్ఞానం.

ఉపాధ్యాయురాలు: ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించలేను. ప్లెసీ తీర్పు రాసినవాళ్ళు ఏ తర్కంతో రాశారో విద్యార్థి చేత చెప్పించకపోతే, తీర్పులో ఒంటరిగా విభేదించిన జస్టిస్ హార్లన్ ఎందుకు గొప్పవాడో వాడికి అర్థం కాదు. తర్కాన్ని విప్పి చూపించడం వేరు, దాన్ని సమర్థించడం వేరు.

ఆచార్యులు: ఇద్దరూ వేరు వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. అందుకే తగువు తెగడం లేదు.

సమన్వయకర్త: మన తల్లిదండ్రుల్లో కొందరు, ఇది నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ మధ్య వ్యవహారం, మన పిల్లలకు మార్కులు వస్తే చాలు అంటారు. వాళ్ళకు ఏం చెబుతారు?

న్యాయవాది: భగత్ సింగ్ థింద్ పేరు చెబుతాను. పంజాబ్ నుంచి వచ్చి మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. పౌరసత్వానికి కావలసిన తెల్లజాతి నిర్వచనంలోకి భారతీయుడు రాడని 1923లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. భారతీయులకు పౌరసత్వం తలుపు 1946లో చట్టం ద్వారా తెరుచుకుంది, అదీ ఏడాదికి వంద మంది వలసదారుల కోటాతో. పుట్టిన దేశాన్ని బట్టి వడపోసే పాత కోటాలను రద్దు చేసిన 1965 వలస చట్టాన్నీ, ఓటు హక్కు చట్టాన్నీ ఆమోదించింది ఒకే కాంగ్రెస్, ఒకే సంవత్సరంలో. మనలో చాలామంది వీసా కాగితాలు ఆ ఏడాది దాకా వెనక్కి వెళతాయి.

ఉపాధ్యాయురాలు: నా తరగతిలో భారతీయ పిల్లలు థింద్ కేసు విన్నప్పుడు మొదట నవ్వుతారు, తరువాత ఇంటికి వెళ్ళి అడుగుతారు. ఇంకో సంగతి. పిల్లలకు రాజ్యాంగం దగ్గరగా కనిపించాలంటే బడినే చూపించాలి. ప్రభుత్వ పాఠశాలలో పనిచేసే నేను కూడా ఆ గదిలో ప్రభుత్వాన్నే. వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీలు కట్టుకున్న అయోవా పిల్లలను 1965లో బడి నుంచి సస్పెండ్ చేస్తే, 1969లో టింకర్ కేసులో కోర్టు పిల్లల పక్షాన నిలిచింది. సస్పెండ్ అయిన పిల్లల్లో ఒకరైన మేరీ బెత్ టింకర్ వయసు అప్పుడు, 1965లో, 13 ఏళ్ళు. మరోవైపు 1985లో న్యూజెర్సీ కేసులో, విద్యార్థి సంచిని వెతకడానికి పోలీసులకు కావలసినంత ఆధారం బడి అధికారులకు అక్కరలేదని, సహేతుకమైన అనుమానం చాలని అదే కోర్టు చెప్పింది. ఈ రెండూ చెప్పిన రోజున తరగతి నా వైపు చూసే చూపు మారిపోతుంది. నా చేతులు ఎంతవరకు కట్టి ఉన్నాయో నేనే వాళ్ళకు కొలిచి చూపిస్తున్నాను మరి.

న్యాయవాది: ప్రైవేటు బడిలో చదివే పిల్లలకు ఇది వర్తించదని కూడా చెప్పాలి. అక్కడ యాజమాన్యం ప్రభుత్వం కాదు కాబట్టి మొదటి సవరణ గేటు బయటే ఆగిపోతుంది.

సమన్వయకర్త: ప్లేనో నుంచి ఒక తల్లి ప్రశ్న పంపారు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, పొద్దున్నే జెండాకు చేసే ప్రతిజ్ఞ పలకనంటోంది, బడిలో గొడవ అవుతుందా అని అడుగుతున్నారు. ఈ ప్రశ్న చూడగానే నాకు మన బడిలో రోజూ చెప్పిన ప్రతిజ్ఞ గుర్తొచ్చింది. భారతదేశం నా మాతృభూమి అన్న ఆ మాటలను 1962లో మొదట తెలుగులో రాసింది నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. పలకనని అనవచ్చన్న ఊహే మాకు ఉండేది కాదు.

ఆచార్యులు: అలా అన్న పిల్లలు మన దేశంలోనూ ఉన్నారండీ. కేరళలో యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు జాతీయగీతం పాడుతున్నప్పుడు గౌరవంగా నిలబడ్డారు కాని, తమ విశ్వాసం కారణంగా గొంతు కలపలేదు. 1985లో వాళ్ళను బడి నుంచి పంపేశారు. మరుసటి సంవత్సరం బిజోయ్ ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు వాళ్ళను మళ్ళీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. అమెరికాలో అదే మతానికి చెందిన పిల్లల విషయంలో, జెండా వందనం చేయవలసిందేనని 1940లో చెప్పిన కోర్టు, మూడేళ్ళకే, యుద్ధం జోరుగా సాగుతున్న 1943లో, బార్నెట్ కేసులో తన మాటను తానే తిప్పుకుంది.

ఉపాధ్యాయురాలు: ఆ తల్లి గారి ప్రశ్నకు నేరుగా జవాబిస్తాను. బార్నెట్ తీర్పు ప్రకారం ప్రభుత్వ పాఠశాల ఏ విద్యార్థి చేతా ప్రతిజ్ఞ బలవంతంగా పలికించరాదు. టెక్సస్ చట్టం మాత్రం, తల్లి గాని తండ్రి గాని రాతపూర్వకంగా కోరితే విద్యార్థిని మినహాయించాలి అంటుంది. అంటే పిల్ల నోటికి సంబంధించిన స్వేచ్ఛకు పెద్దవాళ్ళ సంతకం అడుగుతోంది. ఇది సబబేనా అన్నది మా తరగతిలో ప్రతి ఏడాదీ రెండు పీరియడ్లు తినేసే చర్చ.

న్యాయవాది: ఆ ఉత్తరంలో కారణం రాయమని చట్టం అడగలేదు. రెండు వాక్యాలు చాలు.

సమన్వయకర్త: ఆ తల్లి గారే మళ్ళీ రాశారు. ఉత్తరం రాయడానికి నాకు అభ్యంతరం లేదు కాని, అది తను కూడా చదివి ఒప్పుకున్న తరువాతే పంపాలని మా అమ్మాయి పట్టుబడుతోంది అంటున్నారు.

ఉపాధ్యాయురాలు: ఆ అమ్మాయి పన్నెండో తరగతికి వచ్చి నా సెక్షన్‌లో చేరితే బాగుండును.